బుడగలు రాని నీళ్ళు

బుడగల కోసం చూడకూడదని తెలుసు. తెలిసి కూడా బుడగల కోసమే వెతుకుతున్నాడు పెద్దాయన. నౌకాదళం వదిలి ఇన్నేళ్ళయినా ఆ కళ్ళకు ఇంకా రిటైర్మెంట్ రాలేదు. నీళ్ళు కనబడితే చాలు, ఎక్కడో ఒకచోట బుడగ లేస్తుందని కాచుకుని కూర్చుంటాయి. ఇంట్లో పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నా గిన్నెలోకి తొంగి చూసి, "అడుగున మనిషి కాస్త కంగారు పడుతున్నట్టున్నాడే" అంటాడు. భార్య గరిటె ఎత్తి, "పైనున్న మనిషి కూడా కంగారుగానే ఉంది, అడ్డు లేవండి" అంటుంది. ఆమె రాలేదు, ఇంట్లోనే ఉండిపోయింది. ఇక్కడేమో జెట్టీ మీద ఉప్పుగాలి, తుప్పు వాసన, డీజిల్ వాసన, పొద్దుటి ఎండకు కళ్ళలో గుచ్చుకునే నీళ్ళు, మెడలో నల్లదారానికి వేలాడుతున్న విజిల్. ఆ నీళ్ళ కింద ఎక్కడో కూతురు. ఎక్కడో. బుడగ లేదు, తాడు లేదు, ఆనవాలు లేదు. ఇక్కడ ట్రైనింగ్ పొందే పిల్లలు మూతికి తగిలించుకునే యంత్రం వదిలిన ఊపిరినే లోపల కడిగి మళ్ళీ పీల్చుకోనిస్తుందట, ఒక్క బుడగను కూడా బయటికి పోనివ్వదట. వదిలిన గాలినే మళ్ళీ పీల్చడమా, ఎంగిలి గాలి కదూ, ఎలా ఉంటుందో, వెచ్చగా ఉంటుందేమో, రబ్బరు వాసన వేస్తుందేమో, అడగాలి దాన్ని. అడగాల్సినవి చాలానే పోగుపడ్డాయి.

ఆయన కాలంలో బుడగలే మాటలు. మునిగిన పడవల్ని పైకి తీసే ఓడలో ఆయన పని తాడు పట్టడం. ఇత్తడి టోపీ బిగించుకుని ఒకడు నీళ్ళలోకి దిగుతాడు, వాడి నడుముకు తాడు, ఆ తాడు రెండో కొస ఈయన చేతిలో. ఒకసారి లాగితే బాగున్నావా అని అడిగినట్టు, అటునుంచి ఒకసారి లాగితే బాగున్నానని చెప్పినట్టు. తాడు చెప్పని సంగతులు బుడగలు చెప్పేవి. గుత్తులు గుత్తులుగా తీరిగ్గా వస్తే మనిషి పనిలో పడ్డాడని, సన్నగా గబగబా వస్తే భయపడ్డాడని, ఆగి ఆగి వస్తే దేనితోనో పెనుగులాడుతున్నాడని. వాడు లోపల తనలో తాను నవ్వుకున్నా ఈయన పైనుంచి కనిపెట్టేసేవాడు. ఓడలో అందరూ తాడాయనా అనే పిలిచేవారు, అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. అడుగున ఉన్నవాడి గురించి అంతా తెలుసు, అడుగు గురించి మాత్రం ఏమీ తెలియదు. పడుచుతనంలో తానూ దిగుతానని పరీక్షకు వెళ్తే ఎడమ చెవి ఒప్పుకోలేదు, డాక్టరు చెవిలోకి దీపం వేసి చూసి "నువ్వు పైనే ఉండు బాబూ" అన్నాడు. పైనే ఉండిపోయాడు. పైకొచ్చిన ప్రతివాడినీ టోపీ విప్పుతూనే అడిగేవాడు, ఎలా ఉందిరా అక్కడ? చీకటి, అనేవాడొకడు. చలి, అనేవాడింకొకడు. ముందు తినడానికేమైనా పెట్టు, అనేవాడు మరొకడు. సర్వీసంతా అడిగితే రాలిన సమాధానాలు అవే. ఇక సొంత కూతురు దిగితే తప్ప తెలిసేలా లేదు అనుకున్నాడు, అదీ దిగింది, మొన్న సెలవుకు వచ్చి వంటింటి గుమ్మంలో కూర్చుని తల తుడుచుకుంటుంటే అడిగాడు. "ఎలా ఉంటుందే అడుగున?" తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది. "ఎవరూ పిలవరు నాన్నా. భలే ఉంటుంది" అంది. ఆ మాట ఇప్పటికీ ఆయనకు కొరుకుడు పడలేదు. ఎవరూ పిలవకపోతే బాగుండటమేమిటి, ఇంట్లో మరీ ఎక్కువ పిలిచామా ఏమిటి, బుడుంగూ అన్నానికి రా, బుడుంగూ చదువుకో, బుడుంగూ తలుపెయ్యి. బుడుంగు అని పేరు పెట్టింది కూడా ఈయనే. పసిపిల్లగా నీళ్ళ తొట్టిలో కూర్చోబెడితే బుడుంగున మునిగి, కింద కళ్ళు తెరుచుకుని పైకి చూస్తూ ఉండేది. తల్లి కెవ్వుమని కేకవేస్తే ఈయన మాత్రం వంగి ఆ కళ్ళలోకి చూస్తూ, ఇది అక్కడినుంచి ఏం చూస్తోందబ్బా అనుకునేవాడు.

"కొత్తగా వచ్చారా?" అంది పక్కనున్న ఆమె. బల్ల మీద ఈయనకు కాస్త చోటిచ్చి ఉప్పు బిస్కెట్ల పొట్లం మధ్యలో పెట్టింది. సిటీ బస్సు నడుపుతుందట. నడుపుతుందని చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతోంది, మాట్లాడుతూనే కళ్ళు ఎడమకీ కుడికీ తిప్పుతూ ఉంది, ఎప్పుడు ఎవడు అడ్డొస్తాడో అన్నట్టు. ఆమె కొడుకు కూడా ఈ బ్యాచే. నిజానికి జెట్టీ మీదున్నవాళ్ళంతా ఆ లెక్కలోని వాళ్ళే, తల్లో తండ్రో అన్నో, ట్రైనీకి ఒకరు చొప్పున, మనిషికొక విజిల్. పొద్దున గుండు మాస్టారు అందరినీ నిలబెట్టి చెప్పాడు. నీళ్ళ కిందుగా దొంగచాటుగా వెళ్ళి శత్రువుల ఓడలను పేల్చే నౌకాదళం మనుషుల ట్రైనింగ్ ఇది, మొత్తానికి ఆయనే పెద్ద, పేరేమిటో గానీ నున్నటి గుండు చూసి పిల్లలు ఆ పేరే ఖాయం చేశారని కూతురు ఫోన్లో చెప్పింది. "అదిగో ఆ రాళ్ళగట్టు దగ్గర దిగుతారు. ఇదిగో ఈ పాత ఓడ అడుక్కి రేకు బిళ్ళ తగిలిస్తారు. సైరన్ మోగేదాకా ఎవరి కంటా పడకూడదు. మీ కంట పడితే ఊదండి. ఊదినచోట మా పడవ వెళ్ళి చూస్తుంది. మనిషి దొరికితే ఆ మనిషి మళ్ళీ మొదటినుంచి, వచ్చే బ్యాచ్‌తో. దొరక్కపోతే మీ విజిల్ నాకిచ్చేసి కూర్చోండి." ఎవరో వెనకనుంచి అడిగారు, చూసి కూడా ఊదకపోతేనో అని. గుండు మాస్టారు నవ్వలేదు, కోప్పడలేదు. "అది మేం కనుక్కోలేమండి. ఈ పరీక్ష మీతో ఎందుకు పెట్టిస్తామంటే, కన్నవాళ్ళ కళ్ళను దాటుకుని పోయినవాడు ఇంకెవరి కళ్ళనైనా దాటతాడు. మీరు వదిలేస్తే వదిలేయండి. రేపు శత్రువు ఓడ మీద కాపలా ఉండేవాడు మాత్రం వదలడు." అందరూ విజిళ్ళను వేడి వస్తువులను పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఈయనొక్కడే మెడలో వేసుకుని, నోట్లో పెట్టుకుని సైజు చూసుకున్నాడు.

ఇల్లాలు రాకపోవడానికి కారణం ఆ విజిలే. "నాకిస్తే అది నీళ్ళలో కాలు పెట్టకముందే ఊదేస్తాను, ఊదేసి ఇంటికి తెచ్చుకుంటాను. మీరే వెళ్ళండి, మీకు దాన్ని చూడాలనే కానీ తెచ్చుకోవాలని లేదు" అంది. ఆ మాటలో నిష్ఠూరం ఉందో, మెప్పు ఉందో, బస్సెక్కి ఇక్కడికి వచ్చేదాకా ఆలోచించినా తేలలేదు. తెచ్చుకోవాలని లేకపోవడమేమిటి. కానీ నిజమే, చూడాలని ఉంది, అదెలా మునుగుతుందో, ఎలా కదులుతుందో, తన కళ్ళ ముందునుంచి ఎలా మాయమవుతుందో. గర్వంగా లేదా అంటే బ్రహ్మాండంగా ఉంది. మంగలి దగ్గర కూర్చుని, "ఈ మధ్య మా అమ్మాయి జుట్టు బాగా పొట్టిగా కత్తిరించుకోవాల్సి వచ్చిందోయ్" అని ఊరుకున్నాడు, ఎందుకండీ అని అడుగుతాడని. వాడు అడగలేదు. "మరీ ఇంత పొట్టి" అని వేళ్ళతో చూపించాడు. వాడు కత్తెర ఆడిస్తూనే ఉన్నాడు. చివరికి సిగ్గు విడిచి తానే చెప్పేశాడు, వందలమంది వెళ్తే పిడికెడుమంది మిగిలే ట్రైనింగని, ఆ పిడికెడులో తన కూతురుందని, చెబుతుంటే అద్దంలో తన మొహం మసకబారింది, మంగలి పాపం మెడ మీద చల్లటి నీళ్ళు చల్లి తుడిచాడు. అవును, గర్వం. అయితే దాని పక్కనే ఇంకొకటి కూడా ఉంది, దురద లాంటిది. ఈ కళ్ళు ఇంతకాలం నీళ్ళను చదివాయి కదా, ఇది ఆ కళ్ళను దాటగలదా? దాటితే ఎలా?

"మావాడికి చిన్నప్పుడు నీళ్ళంటే చచ్చే భయమండీ," అంటోంది బస్సామె, "తలంటితే వీధి చివరి దాకా వినబడేది ఏడుపు. ఇప్పుడు చూడండి, నీళ్ళలోనే కాపురం." ఈయన నవ్వి బిస్కెట్టు తీసుకున్నాడు. "మా అమ్మాయి దానికి పూర్తిగా వ్యతిరేకం, బయటికి లాగడమే కష్టం." చెప్పడం మొదలుపెడితే ఇక ఆగలేదు. మున్సిపాలిటీ వాళ్ళ ఈతకొలను, ఆకుపచ్చ పలకలు, క్లోరిన్ ఘాటు, గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో తాను, వేసవి వెంట వేసవి. పిల్ల ఈతలో ఒక వంకర ఉండేది. రెండుసార్లు కాళ్ళు కొట్టి ఒక క్షణం ఆగేది, మళ్ళీ రెండు, మళ్ళీ ఆగడం. ఆ ఆగినప్పుడల్లా కొద్దిగా ఎడమకు జరిగిపోయేది. పక్క వరసలోని పిల్లలు మొత్తుకునేవారు. కోచ్ కర్ర పెట్టి నెట్టి నెట్టి విసిగిపోయి, ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు అని వదిలేశాడు. "రెండు కొట్టడం, ఒకసారి ఆగడం, ఎడమకి జరగడం" అని చేత్తో గాలిలో గీసి చూపించాడు పెద్దాయన. "వెయ్యిమందిలో ఉన్నా నేను పట్టేస్తానమ్మా." బస్సామె ఆ చేతినే చూసింది. "పట్టేస్తే ఊదుతారా మరి?" అని అడిగింది. అప్పుడే జెట్టీ అవతలి కొస నుంచి ఎవరో చెవులు చిల్లులు పడేలా ఊదారు.

ఊదింది ఎర్ర టీషర్టు వేసుకున్న మాంసం కొట్టాయన. పడవ రయ్యిన వెళ్ళింది. నీళ్ళలో తేలుతున్న నల్లటి వస్తువును కొక్కెంతో లాగితే గోనెసంచి, సగం చిరిగినది. అందరూ గొల్లుమన్నారు, ఆయన కూడా నవ్వేశాడు, విజిల్ తెచ్చి గుండు మాస్టారి చేతిలో పెట్టి, తేలికపడ్డ మొహంతో సిగరెట్టు వెలిగించుకున్నాడు. ఇక ఆయన చూడాల్సిన పని లేదు. ఎంత హాయో కదా, కావాలనే ఊదాడేమో కూడా, ఏం చెప్పగలం. పెద్దాయనకు కాస్త అసూయ కలిగింది, వెంటనే ఛీ అనుకున్నాడు. ఎండ పైకెక్కుతోంది. పాత ఓడ నీడ కుంచించుకుపోతోంది. నీటి మీద సన్నటి గాలికి చిన్న చిన్న ముడతలు, చీర ఆరేసి దులిపినట్టు, ఆ ముడతల మీదుగా కాకుల్లా అరుస్తూ తెల్లపిట్టలు. ఒక చేప ఎగిరింది, ఎందుకు ఎగిరింది, కింద ఏదో తరిమిందా, లేదా దానికే సరదా పుట్టిందా. ఆ ఓడ గొలుసు చుట్టూ నాచు కొద్దిగా కదిలింది, కెరటమా మనిషా, కెరటమే. పిల్ల చిన్నప్పుడు ఇంట్లో స్నానాలగది పెరటి కొసన ఉండేది, దీపం ఉండేది కాదు. పిల్లకు నీళ్ళంటే భయం లేదు గానీ ఆ చీకటి నడవ అంటే ఉండేది. అందుకని ఒక తాడు కొస దాని చేతికిచ్చి రెండో కొస తాను పట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు. ఒకసారి లాగేవాడు, బాగున్నావా. అటునుంచి ఒకసారి, బాగున్నాను. కొన్నాళ్ళకు ఒకరోజు ఎంత లాగినా జవాబు లేదు, పరిగెత్తుకెళ్ళి చూస్తే తాడు కుళాయికి కట్టేసి ఉంది, పిల్ల వెనక గోడ ఎక్కి పక్కింటి పిల్లలతో ఆడుతోంది. కోపం రావాలి కదా, రాలేదు. ముడి ఎలా వేసిందో చూస్తూ అక్కడే కాసేపు నిలబడిపోయాడు. చక్కటి ముడి. ఎవరు నేర్పారో ఆయనకు తెలియదు, తాను మాత్రం నేర్పలేదు.

పొద్దున గేటు దగ్గర కూతుర్ని కలవనిచ్చారు, టీ తాగేంత సేపు. నల్లటి రబ్బరు బట్టల్లో, మొహానికి ఆకుపచ్చ రంగు పూసుకుని, బొత్తిగా ఎవరో మనిషిలా వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె దవడ ఎముకలు ఇంత బయటికి ఉంటాయని ఆయనకు ఇవాళే తెలిసింది. చేతులు పట్టుకుంటే అరచేతులు గరుకుగా, అచ్చం తన చేతుల్లాగే తాడు గీసుకుపోయిన చేతులు. ఏదేదో అడుగుదామనుకుని, "తిన్నావా?" అన్నాడు. "తిన్నాను గానీ నాన్నా, ఒక మాట చెప్తాను విను. నేను కనబడితే ఊదు." ఆయన నవ్వబోయాడు. "నవ్వకు. అమ్మ సంగతి వేరు, నువ్వు చూస్తావు. నువ్వు చూసి కూడా ఊదలేదనుకో, నేను నిన్ను దాటానో, నువ్వు నన్ను వదిలేశావో నాకెప్పటికీ తెలీదు. ఎప్పటికీ. రేపు నిజంగా వెళ్ళినప్పుడు నీళ్ళలో నాకు అదే అనుమానం వస్తుంది. అనుమానంతో అక్కడ ఉండలేం నాన్నా." ఈల వేసి ఎవరో పిలిచారు, పరిగెత్తింది, మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదు. మాటిచ్చాడా తాను? తల ఊపాడు. తల ఊపడం మాటివ్వడమేనా? దానికి అలానే అర్థమై ఉంటుంది. ఇన్నాళ్ళ కష్టం, రాళ్ళ మీద పాకడం, చన్నీళ్ళలో రాత్రుళ్ళు, బరువు తగ్గి తగ్గి సగమైన మనిషి, ఇవన్నీ మళ్ళీ మొదటినుంచి. ఇప్పటికే దాని మోకాలు సరిగా లేదు, కుంటడం గేటు దగ్గరే గమనించాడు, అది దాచుకుంది, ఈయన చూడనట్టు ఊరుకున్నాడు. ఇంకోసారి ఆ మోకాలు తట్టుకోదు. అంటే ఇవాళ దొరికితే మళ్ళీ మొదటినుంచి అని కాదు, ఇక లేనట్టే.

ఇంతలో నీళ్ళ మీద కనబడింది. ముందు ఆయన నమ్మలేదు, కళ్ళు నులుముకున్నాడు. నీటి ముడతల మధ్య ఒక పళ్ళెమంత మేర నున్నగా అయింది, నూనె చుక్క పడ్డట్టు. ఆ పక్కనే ఇంకొకటి. తర్వాత ఖాళీ. మళ్ళీ రెండు నునుపులు. మళ్ళీ ఖాళీ. లోపల రబ్బరు రెక్కల కాలు నీటిని నెడితే ఆ నీరు పైకొచ్చి ముడతల్ని చెరిపేస్తుంది, బుడగ అక్కర్లేదు, గుర్తు ఉంటుంది, ఇంతసేపూ బుడగల కోసం వెతికిన తన తెలివికి నవ్వొచ్చింది. రెండు కొట్టడం, ఒకసారి ఆగడం. ఆగినప్పుడల్లా ఎడమకు ఒరుగుతోంది ఆ నునుపుల వరస. దొరికావే, అనుకున్నాడు, ఒళ్ళంతా ఝల్లుమంది, ఆ క్షణాన అందులో భయం లేదు, మోకాలు లేదు, ఒట్టి సంబరం, ఆకుపచ్చ పలకల కొలనులో వంకర ఈదే పిల్ల ఇదిగో సముద్రంలో, తన కళ్ళ ముందు, తన కాళ్ళ దిశగా. ఎంత లోతులో ఉందో, తలెత్తి చూస్తోందా, ఇక్కడినుంచి తన చెప్పులు కనబడతాయా. చేతిలో విజిల్ ఎప్పుడొచ్చిందో తెలియదు. నోటిదాకా వచ్చాక ఆగింది. ఊదకపోతే ఎవరికి తెలుస్తుంది. ఎవరికీ తెలియదు, గుండు మాస్టారే చెప్పాడు. సాయంత్రం దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని బస్సెక్కి ఇంటికెళ్తే తల్లి గుమ్మంలోకి వస్తుంది, మంగలి అడగకుండానే చెప్పొచ్చు, కానీ అది అడుగుతుంది కదా, నిజం చెప్పు నాన్నా, చూశావా? చూడలేదని అంటాడు, అది ఈయన మొహంలోకి చూస్తుంది, తొట్టి అడుగునుంచి చూసిన కళ్ళే, తెరుచుకుని. చెప్పింది చేస్తానని తల ఊపాను కదే. ఇంకో రెండు నునుపులు, ఇంకాస్త దగ్గర. ఇంకొన్ని క్షణాల్లో ఓడ నీడలోకి వెళ్ళిపోతుంది, వెళ్ళిపోతే బాగుండు, ఇప్పుడే, త్వరగా వెళ్ళవే, కాళ్ళు కొట్టు. వెళ్ళలేదు. అక్కడ ఆగింది. ఆగినచోట ఎడమకు జరిగింది. పెద్దాయన గట్టిగా గాలి పీల్చుకుని ఊదాడు.

తన చెవులకే ఆ శబ్దం పరాయిగా వినబడింది. చేయి చాచి చోటు చూపించాడు. పడవ వచ్చింది, ఒకతను ఇనపకడ్డీని నీళ్ళలో ముంచి పడవ అడుగుకు టంగుటంగుమని కొట్టాడు, పైకి రమ్మని. కాసేపు ఏమీ లేదు. లేదు అంటే తప్పు చూశానన్నమాట, అనుకుని ఆశపడ్డాడు. అంతలో నల్లటి తల నీళ్ళలోంచి లేచింది, ముసుగు పైకి తోసింది, ఆకుపచ్చ రంగు కరిగి చారలు కట్టిన మొహం, పెద్ద పెద్ద చెవులు. కుర్రాడు.

పక్కన బిస్కెట్ల పొట్లం కింద పడింది. బస్సామె లేచి నిలబడి ఉంది, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని. వాడు పడవ అంచు పట్టుకుని జెట్టీ వైపు చూశాడు, తల్లిని వెతుక్కున్నాడు, దొరికాక చేయి ఎత్తలేదు, అలా చూస్తూ ఉండిపోయాడు. ఇదేమిటి, ఆ కాళ్ళు దానివే కదా, రెండు కొట్టడం, ఆగడం, ఎడమకి, తన కళ్ళు అబద్ధం చెప్పవు, మరి ఈ కుర్రాడెవరు, ఈవిడ కొడుకు దాని కాళ్ళతో ఎలా ఈదాడు. "అమ్మా," అన్నాడు. ఆమె కూర్చుంది. ఈయన వైపు తిరగకుండానే అంది, "మీ పిల్లనుకునే ఊదారా?"

"అవునమ్మా."

"నేను మీకన్నా ముందే చూశానండీ. మీరు గాల్లో గీసి చూపించారుగా, సరిగ్గా అలాగే వస్తుంటే మీ అమ్మాయే అనుకున్నాను. పాపం పెద్దాయన, నా చేతులతో ఎందుకులే అని ఊరుకున్నాను." ఆమె గొంతులో కోపం ఉందేమోనని వెతికాడు పెద్దాయన, ఉంటే బాగుండేది, నాలుగు తిట్టినా బాగుండేది. పిడికిలి విప్పి తన విజిల్‌ను చూసుకుంటోంది, ఎప్పుడూ చూడని వస్తువులాగా. అరచేతిలో అది దిగబడిన గుర్తు ఎర్రగా ఉంది. వీళ్ళిద్దరూ ఒకే నీటిని చూశారు, ఒకే మనిషి అనుకున్నారు, ఒకరు ఊదారు, ఒకరు ఊదలేదు, ఇద్దరి లెక్కా తప్పింది. ఇందులో ఎవరు చేసింది సరైన పని? చెప్పగలిగినవాడెవడైనా ఉంటే ఇప్పుడు ఈ జెట్టీ మీదికి వచ్చి చెప్పొచ్చు, పెద్దాయన చెవి ఒగ్గి వింటాడు, బాగున్న చెవినే ఒగ్గి.

సైరన్ మోగింది. అక్కడా ఇక్కడా తలలు లేచాయి, కొన్ని ఓడ చుక్కాని దగ్గర, కొన్ని గొలుసు పక్కన, మాంసం కొట్టాయన కొడుకైతే సరిగ్గా తండ్రి బూట్ల కింద, జెట్టీ స్తంభాన్ని కరుచుకుని. చప్పట్లు, ఏడుపులు, కౌగిలింతలు, తడి బట్టలు. కూతురు ఎక్కడ లేచిందో ఆయన చూడలేకపోయాడు. చూస్తుండగానే వెనకనుంచి వచ్చి నిలబడింది, నీళ్ళోడుతూ, కుడికాలి మీద బరువు వేయకుండా. గెలిచింది. ఆ మాట లోపల పెద్దగా మోగింది, ఛాతీ నిండిపోయింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు, తడి తలను పట్టుకుని తన భుజానికి అదుముకున్నాడు. అది ఒక్క క్షణం అలా ఉండి తలెత్తింది. "ఎవరు ఊదారు నాన్నా, వాడికి?"

"నేనే. నువ్వనుకున్నానే. కాళ్ళు నీవే. ప్రమాణం చేసి చెప్తాను, నీవే."

అది రాళ్ళగట్టు వైపు తిరిగింది. "నావే," అంది. "వాడికి ఈత సరిగా వచ్చేది కాదు, ఇంటికి పంపించేస్తామన్నారు. రోజూ తెల్లారకముందే కొలనుకు తీసుకెళ్ళి నేనే నేర్పాను. నాకెలా వచ్చో అలాగే నేర్పాను." ముక్కు ఎగబీల్చింది. "నువ్వొస్తున్నావని తెలిశాక నా కాళ్ళు మార్చుకున్నాను నాన్నా. ఎంత కష్టమైందో తెలుసా, నడక మార్చుకున్నట్టే. నీ కళ్ళ గురించి ఆలోచించినదాన్ని, వాడికి చెప్పడం మర్చిపోయాను. వాడూ అలాగే ఈదుతాడని ఒక్కసారి కూడా తట్టలేదు." రంగు పూసిన మొహం మీద నీళ్ళు ఏవి సముద్రానివో ఏవి దానివో తెలియడం లేదు. ఆయన తన చొక్కా అంచుతో తుడవబోయి ఆగాడు. ఇంతకీ అడగాల్సినది ఒకటి మిగిలే ఉంది, సమయం కాదని తెలుసు, అయినా ఆగలేకపోయాడు. "నువ్వెక్కడున్నావే అసలు, ఇంతసేపూ?"

"చెప్పకూడదు నాన్నా," అంది. చెప్పడానికి ఇష్టం లేక కాదని ఆ గొంతులోనే తెలిసింది. ఆయన తల ఊపాడు. ఇక ఇది జీవితాంతం చెప్పదు. తాను అడుగుతూనే ఉంటాడు, గుమ్మంలో, బస్సులో, పొయ్యి దగ్గర, అది చెప్పకూడదు నాన్నా అంటూనే ఉంటుంది. ఆశ్చర్యం, అందుకు బాధేమీ కలగలేదు. తనకు తెలియని చోటు ఒకటి దానికి సొంతంగా ఉంది, అక్కడికి అది తానొక్కతే వెళ్ళి వస్తుంది.

తువ్వాలు కప్పుకున్న కుర్రాడు తల్లి పక్కనుంచి లేచి ఇటే వచ్చాడు. దగ్గరికి వస్తుంటే పెద్దాయన చేతులు జోడించాలా, క్షమించమనాలా, ఏం చేయాలో తోచక జేబులో పెట్టుకున్నాడు. దగ్గరనుంచి చూస్తే ఇంకా చిన్నవాడు, పెదాలు నీలంగా ఉన్నాయి. "సార్," అన్నాడు పళ్ళు టకటకలాడుతుంటే, "బుడగ ఒక్కటి కూడా వదల్లేదు సార్ నేను. మరి ఎలా చూశారు?"

ఆ ప్రశ్న ఎవరడిగినా ఆయన ఆగలేడు, నోరు దానంతటదే తెరుచుకుంది. అయినా ఒకసారి బస్సామె వైపు చూశాడు, చెప్పనా అన్నట్టు. ఆమె తలూపలేదు, కాదనలేదు. "ఇటు రా బాబూ," అని వాడి భుజం పట్టుకుని జెట్టీ అంచుకు తీసుకెళ్ళాడు, కూతురు కుంటుతూ వెంట వచ్చింది. అవతల ఇంకో బ్యాచ్ కుర్రాళ్ళెవరో నీళ్ళ కింద ఈత కొడుతున్నారు. "ఆ ముడతలు చూడు, గాలికి పడ్డవి. వాటి మధ్యలో నున్నగా పళ్ళెంలా, అదిగో, పోయింది, ఇంకోటి అదిగో. అది కాలు. కాస్త లోతుగా ఉండి మెల్లగా కొడితే అది పైకి రాదు. నువ్వు ఆగినచోట దొరికావు. ఆగకు." కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళను చూస్తున్నాడు. "ఏదీ సార్, ఇంకోసారి," అంటున్నాడు. వెనక చెప్పుల చప్పుడైంది. బస్సామె వచ్చి కొడుక్కీ ఈయనకీ మధ్య చోటు చేసుకుని వంగింది.

"నాకూ చూపించండి పెద్దాయనా," అంది. "వచ్చేసారి వీడికి నేనే ఊదుతాను."